పిన్ని రాసిన ఆటలో తెరుచుకోని తలుపు

మా చిన్నప్పుడు... వేసవి సెలవులకు ఆకివీడు వెళ్తే, పిన్ని వాళ్లింట్లో కంప్యూటర్ ముందు ఒకే కుర్చీలో నేనూ తమ్ముడూ ఇరుక్కుని కూర్చునేవాళ్లం. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు... బొమ్మ అన్నది ఒక్కటీ లేదు.

"దోనె కొల్లేటి లంకకు ఆనింది. ఎదురుగా గుడిసె. తలుపు మూసి ఉంది. ఏం చేస్తారు?"

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఆ ఆట రాసింది మా పిన్నే! బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఆ ఆట నేరుగా నడవదు... కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపి, దాని మీద ఆడాలి. అలాంటిది వాడేవాళ్లు అప్పటికే అరుదట.

"మీ పిన్నికి ఒక కంప్యూటర్ చాల్లేదమ్మా, దాని కడుపులో ఇంకోటి పెంచుతోంది" అని బాబాయి ఆటపట్టించేవాడు.

"అందరూ వాడేదే నేనూ వాడితే సరదా ఏముందండీ?" అనేది పిన్ని.

మేం తలుపు తియ్యమని టైపు చేశాం. తోశాం, తన్నాం, గొళ్లెం లాగాం. తమ్ముడైతే గుడిసె కప్పు పీకెయ్యమన్నాడు. దేనికైనా ఒకటే జవాబు... "లోపల ఎవరో దగ్గారు."

ఎవరై ఉంటారు? అన్నం తింటున్నా అదే ధ్యాస. పిన్నిని బతిమాలితే, "నేను చెప్పేస్తే ఇంక ఆటేముందే?" అని చేపలు తోముకోడానికి వెళ్లిపోయేది.

సెలవులు అయిపోయాయి. తర్వాత ఆ కంప్యూటరూ పోయింది, మేమూ పెద్దవాళ్లమయ్యాం. పిన్ని జబ్బు చేసి చనిపోయింది. లోపల ఎవరున్నారో మళ్లీ అడగనే లేదు...

ఈమధ్య బాబాయి బీరువాలో ఆ ఆట ఉన్న ఫ్లాపీ దొరికింది. ఇంటర్నెట్‌లో వెతికితే, ఇలా మూలన పడ్డ ఉత్తుత్తి యంత్రాలను ఇంకా బతికించుకుంటున్న మనుషులున్నారని తెలిసింది! ఎక్కడో ఉన్న ఒకాయన, తెలుగు ముక్క రాకపోయినా, ఆ ఆట నడిచేలా చేసి పంపారు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఏలూరులో మా ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాను. మళ్లీ అదే తలుపు... అదే దగ్గు. పిన్ని రాసిన మాటలు దాని అవతలే ఉన్నాయి. అవి ఎప్పటికీ చదవలేనేమోనని బెంగ పట్టుకుంది.

అంతలో పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి, "ఏవండీ... ఉన్నారాండీ?" అని పిలిచారు. గేటు బార్లా తీసే ఉంది. అయినా లోపలికి అడుగు పెట్టలేదు. మన వైపు అంతే కదా! నాకు నవ్వాగలేదు. ఒకరింటికి వెళ్లి తలుపు తన్నామే గానీ, ఒక్కసారైనా పిలిచామా?

"పిలువు" అని టైపు చేశాను. తెర మీద జవాబు వచ్చింది...

"వస్తున్నా... ఇంతసేపూ పిలవకుండా బయటేం చేస్తున్నారర్రా? కాళ్లు కడుక్కుని రండి, అన్నం పెడతాను."

అచ్చం మా పిన్ని గొంతే... ఏడ్చేశాను. తమ్ముడికి ఫోన్లో చదివి వినిపిస్తే, ఇంకోసారి చదవమన్నాడు.

ఇప్పుడు గుమ్మంలో నిలబడి పిలిచేవాళ్లే తగ్గిపోయారు... కిందనుంచే మెసేజ్ పెట్టేస్తున్నారు, నాతో సహా. మీ చిన్నప్పుడు మీ గుమ్మంలోకి వచ్చి ఎవరు, ఏమని పిలిచేవారండీ? ఆ పిలుపు ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి... చదువుకుంటాను.