షర్బత్ సీసాలో కిరోసిన్

మా ఆయన పనిచేసే ప్రభుత్వ కర్మాగారంలో మూడు రోజులు ప్రథమ చికిత్స నేర్పారు. నాలుగో రోజు ఆయన చొక్కా జేబుకు 'ప్రథమ చికిత్స' అని రాసున్న ఎర్ర బిల్ల పెట్టుకుని ఉప్పుగూడలోని మా ఇంటికొచ్చాడు. అప్పటినుంచి మా గల్లీలో ఎవరికి దెబ్బ తగిలినా పిలవకుండానే వెళ్లేవాడు. ఆయనకు బాగా వచ్చింది చెయ్యిని గుడ్డతో మెడకు వేలాడదీయడం. తెగింది కాలి వేలైనా సరే, చెయ్యి కట్టందే వదిలేవాడు కాదు.

ఆ ఎండాకాలం రేషన్ కిరోసిన్ తెచ్చి, డబ్బా కారుతోందని ఖాళీ షర్బత్ సీసాలో పోసి స్టవ్ పక్కన నేలమీద పెట్టిందీ ఆయనే. నేను చూశాను. పైన పెడదామనుకుంటూనే, పప్పు పొంగుతుంటే మరిచిపోయాను. కాబట్టి సగం తప్పు నాది.

మా పాపకు అప్పుడు రెండేళ్లు. నేను బియ్యం కడిగి వెనక్కి తిరిగేసరికి సీసా చేతిలో పట్టుకుని దగ్గుతోంది. మూతి నిండా కిరోసిన్ వాసన. నా కేకకు గల్లీ అంతా మా ఇంట్లోకొచ్చింది.

"ఉప్పునీళ్లు తాపుండ్రి, కక్కుతది" అంది పాలు పోసే అవ్వ.

"తలకిందులు పట్టుండ్రి" అంది మా అత్తమ్మ.

సెలవు రోజైనా బిల్ల తీయని మా ఆయన, శిక్షణలో ఇచ్చిన పుస్తకం తిప్పుతున్నాడు.

"ఏం జెయ్యాల్నో జెప్పుండ్రి!" అని ఏడ్చాను.

"ఆగు, పాముకాటు దాంక వచ్చిన."

నేను ఉప్పు కలిపిన గ్లాసు పాప నోటి దగ్గరికి తీసుకెళ్లాను. అంతలో పక్కింటి ముసలమ్మ, మేమంతా ఖాలా అని పిలిచే ఆవిడ, పరుగున వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నక్కో బేటీ, నక్కో! కక్కియ్యకు. మా చిన్నోడు తాగినప్పుడు నేను గట్లనే జేసిన. కక్కుతుంటే నూనె ఊపిరితిత్తులల్లకు పోయింది. పది దినాలు దవాఖానల ఉన్నం. ఏం తాపకు. తడిసిన గౌను ఇప్పెయ్. ఆ సీసా పట్టుకొని చల్!"

రిక్షాలో మా ఆయన సీసా పట్టుకుని కూర్చున్నాడు; పాప దగ్గినప్పుడల్లా నేను రిక్షావాణ్ణి తొందరపెట్టాను. దవాఖానలో డాక్టరు మొదట అడిగింది ఒక్కటే: "కక్కించిండ్రా?"

"లేదు సార్."

ఆయన పాప ఛాతీ విన్నాడు. తర్వాత సీసా వైపు చూసి, "ఇంట్ల చదువుకున్నోళ్లు ఎవరు లేరా?" అన్నాడు. చూపు ఎర్ర బిల్ల మీద ఆగింది. మా ఆయన దాన్ని అరచేత్తో కప్పుకున్నాడు.

ఒక రోజు కళ్లెదుట ఉంచుకుని, దగ్గు తగ్గాక పాపను ఇంటికి పంపారు. మా అత్తమ్మ దిష్టి తీసి, తను దిష్టి తీసినందుకే బతికిందంది. అవ్వ తన ఉప్పునీళ్ల మహిమ అంది. అవి పాప నోట్లోకి వెళ్లనే లేదని చెప్పినా వినలేదు.

ఖాలా మాత్రం మా వంటింట్లోకొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, మూలనున్న ఎలుకల మందు, బట్టల సోడా రెండూ తీసి అటక మీద పెట్టి వెళ్లిపోయింది.