నాగపూర్ చిన్నమ్మ కొలిచిన నీడ

నేను పదో తరగతి చదివిన ఏడాది మా బడి చాలా రోజులు మూసే ఉంది. 2011లో వానాకాలం చివర మొదలైన సమ్మె దీపావళి ముందు గానీ ముగియలేదు. గేట్లు తెరుచుకున్నాక సార్లందరూ సిలబస్ వెంట పరుగులు పెట్టారు. ఫిజిక్స్ చెప్పే మేడమ్ మాత్రం పరుగెత్తలేదు. ఇంకో ఏడాదిలో రిటైర్ కాబోతున్న మనిషి. గంజి పెట్టిన నూలుచీర, చేతిలో ఎప్పుడూ సుద్దముక్క. ఒకరోజు క్లాసులోకి వచ్చి బోర్డు మీద ఏమీ రాయకుండా బల్లకు ఆనుకుని నిలబడింది.

"డిసెంబర్లో ఎగ్జిబిషన్ ఉంది. థర్మాకోల్ గ్రహాలూ, పొగ వచ్చే అగ్నిపర్వతాలూ నాకొద్దు. ఇద్దరిద్దరు కలిసి ఏదో ఒకటి మీ చేతులతో కొలిచి తీసుకురండి" అంది.

నా జత ఎవరో అడగక్కర్లేదు. ఆరో తరగతి నుంచీ నేనూ, చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో ఉండే నా స్నేహితురాలూ ఒకే బెంచీ. మాది గుంటూరు వైపు కుటుంబం. నాన్న ఉద్యోగం వల్ల అశోక్‌నగర్‌లో ఒక మేడ మీద కిరాయికి ఉండేవాళ్ళం. వాళ్ళు మూడు తరాలుగా చిక్కడపల్లిలోనే ఉన్నారు. బడి నారాయణగూడలో. సాయంత్రం ఇద్దరం కలిసి నడిచి వచ్చేవాళ్ళం.

నారాయణగూడ చౌరస్తా దగ్గరున్న నెట్ సెంటర్లో ఒక గంట కూర్చుని వెతికాం. అక్కడ దొరికింది మాకు భూమి చుట్టుకొలత కథ. రెండువేల ఏళ్ళ కిందట ఒక గ్రీకు పండితుడు రెండు ఊళ్ళలో ఒకే రోజు మిట్టమధ్యాహ్నం నీడలు చూసి, ఆ కోణాల తేడాతో, ఊళ్ళ మధ్య దూరంతో భూమి ఎంత పెద్దదో లెక్క కట్టాడట. ఒక కర్ర, ఒక నీడ, ఒక గుణకారం. అంతే.

"గింతేనా? మనం గూడ చేయొచ్చు" అంది నా స్నేహితురాలు.

"రెండో ఊరు కావాలి కదా. అదీ మనకి సరిగ్గా ఉత్తరానో దక్షిణానో ఉండాలి."

 "మా చిన్నమ్మ నాగపూర్ల ఉంటది" అంది.

నాగపూర్ హైదరాబాద్‌కి దాదాపు నిట్టనిలువుగా పైన ఉందని మ్యాపులో చూసి ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం గట్టిగా పట్టుకున్నాం.

ఆ చిన్నమ్మ ఏడో తరగతితో చదువు ఆపేసింది. పెళ్ళి చేసుకుని నాగపూర్ వెళ్ళింది. అక్కడ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఫోన్లో మేం చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. మీటరు పొడవున్న కడ్డీ కావాలి, అది నిట్టనిలువుగా నిలబడాలి, నేల చదునుగా ఉండాలి, పన్నెండు గంటలకు ముందు నుంచీ ఐదేసి నిమిషాలకు ఒకసారి నీడ చివర గీత గియ్యాలి, అన్నిటికంటే పొట్టి నీడ ఎంతుందో అదే మాకు కావాలి.

"ఇంచుల్లనా, సెంటీమీటర్లనా?" అని అడిగింది ఆమె.

"సెంటీమీటర్లు ఆంటీ" అన్నాను నేను.

"సరే బిడ్డా. ఐతారం చేస్త."

డిసెంబర్ మొదటి ఆదివారం మా మేడ మీద మేం కూడా మొదలుపెట్టాం. ఇంటి ఓనరు తాళంచెవి ఇస్తూ, ఆరేసిన బట్టల మీద దుమ్ము పడకూడదని రెండుసార్లు చెప్పాడు. డాబా నీళ్ళు పోవడానికి ఒక పక్కకి వాలుగా ఉంటుంది కాబట్టి క్యారమ్ బోర్డు తిరగేసి, కింద అట్టముక్కలు పెట్టి, దాని మీద నీళ్ళ గ్లాసు ఉంచి సమం చేశాం. ఇసక డబ్బాలో కర్టెన్ రాడ్డు గుచ్చాం. పన్నెండు దాటాక ఏడెనిమిది నిమిషాలకు నీడ అన్నిటికంటే పొట్టిగా వచ్చింది. బోర్డు మీద నుంచి మీటరు ఎత్తున్న మా రాడ్డుకి ఎనభై రెండు సెంటీమీటర్ల నీడ.

ఒంటిగంటకు నాగపూర్ నుంచి ఫోన్ వచ్చింది.

"తొంభై నాలుగు" అంది చిన్నమ్మ. "కడ్డీ సీదా ఉన్నదా లేదా అని దారానికి కత్తెర కట్టి ఏలాడదీసి చూసిన. రెండు దిక్కులకెల్లి చూసిన. సీదనే ఉండె."

హైదరాబాద్ నుంచి నాగపూర్ ఎంత దూరమో నా స్నేహితురాలి ఇంట్లో అందరికీ తెలుసు. ఐదువందల కిలోమీటర్లు. ఎన్నోసార్లు బస్సులో వెళ్ళి వచ్చినవాళ్ళు. ఆ అంకె రాసుకుని నేను ఇంటికి వెళ్ళాను. లెక్క నా వంతు, చార్టు ఆమె వంతు.

పక్కింటి ఇంటర్ అక్క దగ్గర త్రికోణమితి పట్టికల పుస్తకం తెచ్చుకుని కోణాలు తీశాను. తేడా నాలుగు డిగ్రీలకు కొంచెం తక్కువ వచ్చింది. ఆ తేడాకి ఐదువందల కిలోమీటర్లయితే మొత్తం చుట్టు మూడువందల అరవై డిగ్రీలకి ఎంతో గుణిస్తే భూమి చుట్టుకొలత నలభై ఆరువేల కిలోమీటర్లు దాటింది. పాఠ్యపుస్తకంలో ఉన్నది నలభై వేలు.

మూడుసార్లు చేశాను. అదే వచ్చింది. అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. మా నీడ తప్పై ఉంటుందని నాకు తోచనే లేదు. దూరం మీద కూడా అనుమానం రాలేదు. తిన్నగా చిన్నమ్మ మీదికి వెళ్ళింది నా మనసు. ఏడో తరగతి చదివిన ఆవిడ, టేపు సరిగ్గా చూసి ఉండదు. నీడ అంచు ఎక్కడో తెలిసి ఉండదు. ఆవిడ మాట తీరు కూడా నా అనుమానంలో కలిసిందేమో. మా ఇంట్లో ఎవరైనా ఆ యాసను అనుకరిస్తే నవ్వేవాళ్ళలో నేనూ ఉన్నాను. వెనక నుంచి లెక్క చేసుకుంటూ వచ్చాను. నాగపూర్ నీడ తొంభై ఆరు అయితే నలభై వేల చిల్లర సరిగ్గా వస్తుంది. నోట్‌బుక్‌లో నాలుగు చెరిపి ఆరు వేశాను.

మర్నాడు చార్టు మీద స్కెచ్ పెన్ను పెట్టబోతూ నా స్నేహితురాలు ఆగింది. "తొంభై నాలుగు గదా?"

"నేను మళ్ళీ ఫోన్ చేశాను. తొంభై ఆరట" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగకుండా తొంభై ఆరు అని అందంగా రాసింది.

ఎగ్జిబిషన్లో మాకు రెండో బహుమతి వచ్చింది. చూడడానికొచ్చిన పెద్దలు చార్టు ముందు ఆగి, "ఇంత దగ్గరగా వచ్చిందా!" అని ఆశ్చర్యపోయారు. మేడమ్ మాత్రం చార్టును చాలాసేపు చూసి, "బాగుంది" అని ఒక్క మాట అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు అది నాకు చిన్నతనంగా అనిపించింది.

జనవరి చివర నా స్నేహితురాలి ఇంట్లో పెళ్ళి పడింది. నాగపూర్ చిన్నమ్మ వచ్చింది. నన్నూ రమ్మన్నారు. నేను వెళ్ళేసరికి ముందు గదిలో పూలు కడుతున్న ఆడవాళ్ళ మధ్య నుంచి లేచి ఆమె, ఎగ్జిబిషన్ అయ్యాక నా స్నేహితురాలు తెచ్చి గోడకు అంటించుకున్న మా చార్టు దగ్గర నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది. చూపుడువేలు కొనమీద సూది గుచ్చుకున్న నల్లటి చుక్కలు. ఆ వేలితోనే తన పేరు ఎక్కడైనా ఉందేమో అన్నట్టు గీతల మీదుగా మెల్లగా చూసుకుంటూ వచ్చి, నాగపూర్ దగ్గర ఆగింది.

"ఇదేంది, తొంభై ఆరు రాసిన్రు? నేను తొంభై నాలుగు చెప్పిన గద."

"రెండోసారి ఫోన్ చేస్తే తొంభై ఆరు అన్నవట గదా చిన్నమ్మా" అంది నా స్నేహితురాలు.

"రెండోసారి ఎవలు చేసిన్రు? నాకు ఒక్కటే ఫోన్ వచ్చింది."

నా స్నేహితురాలు నా వైపు తిరిగింది.  అబద్ధం మీద ఇంకో అబద్ధం వెయ్యడానికి నోరు రాలేదు.

"నేనే మార్చాను" అన్నాను. "సరైన జవాబు రాలేదని."

చిన్నమ్మ కోప్పడలేదు. సంచీలోంచి నలిగిన నోటుబుక్కు తీసింది. అందులో కొలతలు రాసుకుంటుంది. ఛాతీ, నడుము, చేతి పొడవు, ఏ జాకెట్టు ఎవరిదో. ఒక పేజీలో విడిగా, 'ఐతారం, నీడ' అని రాసి, కింద ఎనిమిది అంకెలు వరసగా ఉన్నాయి. అన్నిటికంటే చిన్నదాని చుట్టూ సున్నా చుట్టి ఉంది. తొంభై నాలుగు.

"ఇరవై ఏండ్ల నుంచి కుడుతున్న బిడ్డా. అర ఇంచు తప్పితే మనిషికి పట్టది. నువ్వు ఒక్క ఫోన్ కొడితే అయిపోతుండె. మళ్ళ కొలుస్తుంటి."

తిడితే బాగుండునని అనిపించింది. లోపల్నుంచి ఎవరో కాఫీకి పిలిచారు. ఆమె నోటుబుక్కు మూసి లోపలికి వెళ్ళింది. నా స్నేహితురాలు అక్కడే నిలబడి, చాలా నెమ్మదిగా, "మా చిన్నమ్మకు రాదనుకున్నవా?" అని అడిగింది. అవునని తల ఊపాను. ఆమె కూడా లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం బెంచీలో మా మధ్య ఒక సంచీ ఉంది. రోజూ కలిసి వెళ్ళే దారిలో ఆమె ముందు, నేను వెనక. రెండు రోజులు అలా గడిచాక ఉండబట్టలేక స్టాఫ్ రూముకి వెళ్ళి మేడమ్‌కి అంతా చెప్పేశాను. ఆమె దిద్దుతున్న పేపరు పక్కన పెట్టింది.

"నాకు అప్పుడే అనుమానం వచ్చింది. పిల్లల కొలతలు అంత నున్నగా రావు" అంది. తర్వాత, "సరే, మీ లెక్కలో ఎన్ని సంఖ్యలున్నాయి?"

"మూడు మేడమ్. మా నీడ, నాగపూర్ నీడ, దూరం."

"నాగపూర్ ఆవిడ తను కొలిచింది. మీరు మీది కొలిచారు. మూడోది ఎవరు కొలిచారు?"

 ఎవరూ కొలవలేదు. అది బస్సు దూరం. బస్సు కొండ వస్తే తిరుగుతుంది, ఊరు వస్తే వంగుతుంది. సూర్యుడి నీడకి కావలసింది ఉత్తరం నుంచి దక్షిణానికి తిన్నగా ఉండే దూరం.

ఆ సాయంత్రం గేటు దగ్గర నా స్నేహితురాలిని ఆపి, "మీ చిన్నమ్మ అంకె కరెక్టే. తప్పు ఇంకోచోట ఉంది. లైబ్రరీకి వస్తావా?" అన్నాను. ఆమె నన్ను చూసి, "చిన్నమ్మ కోసం వస్తున్న" అంది.

చిక్కడపల్లి లైబ్రరీ హాల్లో ఎప్పటిలాగే ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ళు కుర్చీకి కుర్చీ ఆనించి కూర్చున్నారు. పెద్ద అట్లాసు బయటికి ఇవ్వరు కాబట్టి బీరువా పక్కన నిలబడే చూశాం. నా స్నేహితురాలు జడకున్న రిబ్బను విప్పి, హైదరాబాద్ అక్షాంశపు గీత నుంచి నాగపూర్ అక్షాంశపు గీత దాకా నిలువుగా పరిచి, పేజీ కింద ఉన్న స్కేలు మీద పెట్టి చూసింది. నాలుగు వందల పదిహేను దాకా వచ్చింది. అక్కడే నా నోట్‌బుక్ చివరి పేజీలో గుణించాం. చిన్నమ్మ తొంభై నాలుగుతో భూమి చుట్టుకొలత ముప్పై ఎనిమిదివేల ఐదువందలు.

"నలభై వేలు రాలె" అంది ఆమె.

"రాలేదు" అన్నాను. నాకెందుకో గుండె తేలికైంది.

బయటికి వచ్చాక బండి మీద రేగుపళ్ళు కొని, పొట్లం నా వైపు చాపింది.

మేడమ్ మా బహుమతి సర్టిఫికెట్లు వెనక్కి తీసుకుంది. నన్ను క్లాసు ముందు నిలబెట్టి ఏం జరిగిందో చెప్పమంది. చెప్పాను.  వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. తర్వాత కొత్త చార్టు రాయించింది. అందులో పదిహేను వందల తేడా ఎందుకొచ్చి ఉండవచ్చో మాకు తోచిన కారణాలు రాయమంది. నీడ అంచు మసకగా ఉండడం, క్యారమ్ బోర్డు కొద్దిగా వాలి ఉండడం, మ్యాపు మీద రిబ్బను. నాగపూర్ కొలత పక్కన ఎవరు కొలిచారో రాశాం. 'నాగపూర్ చిన్నమ్మ, దర్జీ'. సంవత్సరం చివరి దాకా ఆ చార్టు ఫిజిక్స్ ల్యాబు తలుపు పక్కన ఉంది.

చిన్నమ్మకి ఫోన్ చేసి చెప్పాం. క్షమించమని అడిగాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. ఆమెకు వేరే గొడవ ఉంది.

"నీడ తగ్గుకుంట వస్తున్నది బిడ్డా, ఎందుకు?"

పెళ్ళయ్యాక నాగపూర్ తిరిగి వెళ్ళినప్పటి నుంచి ఆదివారం ఆదివారం కొలుస్తూనే ఉందట. డెబ్భై ఆరు, డెబ్భై, అరవై నాలుగు. మా పుస్తకంలో భూమి అక్షం వంపు గురించి ఒక పేరా ఉంది. పరీక్షకు దాన్ని బట్టీ పట్టాం గానీ, ఆమెకు చెప్పబోతే మాకే తెలియదని తెలిసింది. మేడమ్ దగ్గరికి పరుగెత్తాం. ఆమె ఒక బత్తాయిపండులో అగ్గిపుల్ల గుచ్చి బల్లదీపం ముందు తిప్పి చూపించింది. అది చూశాక ఫోన్లో చిన్నమ్మకి చెప్పగలిగాం. ఎండాకాలంలో ఒక రోజు మధ్యాహ్నం నీడ అసలే ఉండదని కూడా చెప్పాం. "గట్ల ఎట్లయితది?" అని ఆమె నమ్మలేదు.

మే నెలాఖరుకి మా పరీక్షలైపోయి, రిజల్టు కూడా వచ్చేసింది. నేను వాళ్ళింట్లోనే ఉన్నాను ఆ రోజు. మధ్యాహ్నం ఫోన్ మోగితే నా స్నేహితురాలు స్పీకర్లో పెట్టింది. అటువైపు నలుగురైదుగురు ఆడవాళ్ళు మరాఠీలో గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

"నీడ లేదే!" అని అరుస్తోంది చిన్నమ్మ. "కడ్డీ ఉన్నది, ఎండ ఉన్నది, నీడ లేదు! ఇగో, మా వాడోళ్ళంత వచ్చి చూస్తున్నరు. జర ఉండున్రి, ఇంకొగామె పైకొస్తున్నది, చూపిచ్చి మాట్లాడ్త."

ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే వదిలేసి వెళ్ళింది. మేమిద్దరం ఆ మాటలు వింటూ చాలాసేపు కూర్చున్నాం.