రూతమ్మ టీచరు సాక్ష్యాల క్లాసు

ఇవాళ మధ్యాహ్నం ఆసుపత్రిలో నా కౌంటరు ముందు ఒక పెద్దాయన చేతిసంచి తెగి ఎండుమిరపకాయలన్నీ నేలమీద పడ్డాయి. చల్లపల్లి నుంచి బంధువుని చూడటానికి వచ్చాడట, ఉత్త చేతులతో రావడమెందుకని ఇంటి మిరపకాయలు తెచ్చాడు. వరసలో ఉన్నవాళ్ళు చూసుకోకుండా వాటిని తొక్కేశారు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఇక చెప్పేదేముంది, టోకెన్లు తీసుకునేవాళ్ళు, ఇచ్చే నేను, గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను, అందరం ఒకటే తుమ్ములు. పొద్దుటినుంచి "పేరు చెప్పండి, వయసు చెప్పండి, ఏ డాక్టరు గారండీ" అంటూ నోరు ఎండిపోయి ఉంది. ఇలాంటి రోజుల్లో సాయంత్రానికి నా గొంతు నాకే విసుగు పుడుతుంది. కళ్ళు తుడుచుకుంటుంటే రూతమ్మ టీచరు మాట చెవిలో పడినట్టయింది: "తుమ్మింది చాల్లే, వాక్యం పూర్తిచెయ్యి."

ఆమె ఇంగ్లీషు క్లాసు వన్ టౌన్‌లో ఉండేది. కింద ఎండుమిర్చి గోడౌను, పైన ఆమె క్లాసు. బస్తాలు దించే వేళకే మా పాఠం మొదలయ్యేది కాబట్టి ఏ వాక్యమూ తుమ్ము లేకుండా సాగేది కాదు. ఆమె మిషను స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. బక్కపలచని మనిషి, చేతిలో ఎప్పుడూ తడిపిన రుమాలు. మెచ్చుకోవడం అన్నది ఆమె దగ్గర నేను చూడలేదు. బట్టల షాపులో పనిచేసే సుభానీ, నర్సింగు చదివే అమ్మాయిలు కొందరు, ఇద్దరు పిల్లల తల్లినైన నేను, ఇదీ మా క్లాసు.

సరదాకి చేరలేదు నేను. ఆ వీధికి అవతలే మాకు స్టీలు సామాన్ల షాపు ఉండేది. అది మూతపడ్డాక మావారు మంచానికి అతుక్కుపోయారు. జబ్బేమీ లేదు, గోడవైపు తిరిగి పడుకోవడమే. టీవీ నడుస్తూ ఉండేది, చూసేవారు కాదు. నాకు ఉద్యోగం దొరకాలి, దొరకాలంటే ఇంగ్లీషు రావాలి, రాకపోతే పిల్లల్ని తీసుకుని ఉయ్యూరు పుట్టింటికి పోవాలి. అలా పోతే ఆయన ఆ గోడవైపునుంచి ఇక ఈవైపు తిరగరని నాకు భయంగా ఉండేది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. చదివితే అర్థమయ్యేది కానీ, నోరు తెరిస్తే మాట పెగిలేది కాదు.

టీచరు క్లాసుకి ఒక పద్ధతి ఉంది. ఆమె వెళ్ళే చర్చిలో ఆదివారం ప్రార్థనయ్యాక ఒక్కొక్కరూ లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. దాన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. ఆ అలవాటునే ఆమె తెచ్చి ఇంగ్లీషు క్లాసులో పెట్టారు. రోజూ పాఠానికి ముందు ప్రతివాళ్ళూ లేచి నిలబడి, నిన్న ఏం చేశారో ఇంగ్లీషులో చెప్పాలి. "దేవుణ్ణి మధ్యలోకి లాగొద్దు, ఆయనకి బోలెడు పనులున్నాయి. మీరేం చేశారో చెప్పండి, చాలు. అబద్ధం చెబితే మాత్రం నాకు తెలిసిపోద్ది" అనేవారు. కొన్నాళ్ళకి హిందువులం, ముస్లిములం, అందరం "ఇవాళ నా సాక్ష్యం అయిపోయింది" అని మామూలుగా అనేసుకునేవాళ్ళం.

క్రియాపదాల్ని ఆమె మనుషుల్లాగే చూసేవారు. కుక్, వాష్, వాక్ లాంటివి చెప్పిన మాట వినే రకం, వెనక చిన్న తోక తగిలిస్తే నిన్నటివైపోతాయి. గో, ఈట్, సీ అలా వినవు. వెంట్, ఏట్, సా అని వాటిని పేరుపేరునా గుర్తుపెట్టుకోవాలి. సుభానీ ఎప్పుడూ "డిడ్ నాట్ వెంట్" అనేవాడు. ఒకరోజు ఆమెకి విసుగొచ్చింది.

"డిడ్ అన్నాక మళ్ళీ వెంట్ ఎందుకు నాయనా? నిన్నటి బరువంతా ఆ డిడ్డు మోస్తోందిగా. వెనకొచ్చేదాన్ని ఖాళీ చేతుల్తో రానీ."

"రోజంతా షాపులో బట్టల మూటలు మోసేది నేనేగా మేడం, అలవాటైపోయింది" అన్నాడు సుభానీ. ఆ మాటకి టీచరు కూడా నవ్వేశారు.

నా వంతు వచ్చింది. చచ్చీచెడీ లేచి నిలబడి, ఐ కుక్డ్, ఐ వాష్డ్ వెసల్స్, ఐ స్వెప్ట్ ద హౌస్ అన్నాను. మర్నాడూ అవే చెప్పాను. ఆ తర్వాతి రోజు మొదలుపెట్టగానే ఆమె చెయ్యెత్తి ఆపేశారు.

"ఇది మొన్న కూడా చెప్పావు పద్మా."

"మొన్న కూడా చేశానండీ."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "అయితే అది నిన్నటిది కాదు, రోజూది. ఐ కుక్, ఐ వాష్ అని ఒక్కసారి చెప్పేసి దాని జోలికి ఇక పోకు. నిన్న మాత్రమే జరిగింది ఏదో ఒకటి చెప్పు."

ఎంత వెతుక్కున్నా ఏమీ దొరకలేదు. "ఏమీ జరగలేదండీ" అన్నాను.

"అట్లా ఎట్లా ఉంటదమ్మా? కూర్చో. రేపటికి ఏదో ఒకటి జరిపించుకుని రా."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఇంట్లో మనిషి గోడకి మొహం పెట్టి పడుకుని ఉంటే, పిల్లల ఫీజులెలాగా అని నేను చస్తుంటే, ఈవిడకి విశేషాలు కావాలట. ఇంటికి పోవాల్సినదాన్ని, ఆ కోపంలోనే ముందొచ్చిన బస్సెక్కి కూర్చున్నాను. ఎక్కడికమ్మా అని కండక్టరు అడిగితే, ఇది ఎక్కడిదాకా పోతే అక్కడికి అన్నాను. అది కంకిపాడు బస్సు. కిటికీ పక్క సీటు. కాలవలో బాతులు, గట్టుమీద గేదెని పట్టుకుని అక్కా అక్కా అని బతిమాలుతున్న ఒక ముసలమ్మ, చెరుకు లోడు మీద గురకపెట్టి నిద్రపోతున్న మనిషి. బస్సాగినా నేను దిగలేదు. ఆ బస్సులోనే వెనక్కొచ్చాను. పెళ్ళయ్యాక ఏ పనీ లేకుండా నేను ఎక్కడికైనా వెళ్ళడం అదే మొదలు.

మర్నాడు నిలబడి, ఐ సాట్ ఇన్ ద బస్, ఐ డిడ్ నాట్ గెట్ డౌన్ అన్నాను. అందరూ నావైపు చూశారు. టీచరు రుమాలు ఒళ్ళో పెట్టుకుని, "వాట్ డిడ్ యు సీ?" అని అడిగారు. ముసలమ్మ గురించి చెప్పాను. గేదెని బతిమాలడం అన్నదానికి ఇంగ్లీషు దొరక్క చేతులు జోడించి చూపించాను. బాగుందని ఆమె అనలేదు. "గేదె కదిలిందా మరి?" అన్నారు తెలుగులోనే. కదల్లేదండీ అన్నాను. "ఇట్ డిడ్ నాట్ మూవ్" అని, కూర్చోమని సైగ చేశారు.

ఇక నాకు రోజుకొక నిన్న కావలసి వచ్చింది. ఒకరోజు కొత్త దారిలో ఇంటికెళ్ళాను. ఒకరోజు గోడౌనులో బస్తాలు కుట్టే ఆవిడ పక్కన కూర్చుని ఆ కుట్టు నేర్చుకున్నాను. పెద్ద పనులేమీ కావు. అలసట తగ్గిందని చెప్పను, నిజానికి పెరిగింది. కానీ పొద్దున్నే లేచేసరికి ఇవాళ ఏం దొరుకుతుందో అన్న ఆలోచన ఒకటి ఉండేది. అది లేని రోజుల్లో నేనెలా లేచేదాన్నో ఇప్పుడు గుర్తు చేసుకోవాలన్నా భయమే.

ఒక ఆదివారం సాయంత్రం మంచం దగ్గర నిలబడి, "రేపటికి నాకొక వాక్యం కావాలి, లేవండి" అన్నాను మావారితో.

"ఏం వాక్యం?"

"మీరు లేస్తేగా తెలిసేది."

ఎందుకు లేచారో నాకిప్పటికీ తెలియదు. చొక్కా వేసుకుని వచ్చారు. బ్యారేజీ దగ్గర మిరపకాయ బజ్జీలు కొనుక్కుని నిలబడ్డాం. ఆయన చేతిలో పొట్లం లోంచి ఒక కాకి బజ్జీ ఎత్తుకుపోయింది. వెధవది, చూసి చూసి పెద్దదే పట్టుకుపోయిందని ఆయన నవ్వారు. ఎన్నాళ్ళకో విన్న నవ్వు. నేను అటు తిరిగి నీళ్ళు చూస్తున్నట్టు నటించాను, ఏడుపు ఆగక.

మర్నాడే ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. మీ గురించి ఇంగ్లీషులో చెప్పండి అన్నారు అక్కడి మేడం. నా గురించి చెప్పుకోవడానికి ఏముంది? మే ఐ టెల్ యెస్టర్‌డే అని అడిగి, వెంట్, సాట్, సా అనుకుంటూ కాకి కథంతా చెప్పేశాను. అలా వచ్చింది ఈ కౌంటరు. మావారు కూడా ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక ట్రావెల్సులో కారు డ్రైవరుగా చేరారు. టీచరుతో చెబితే, "ఇంక ఇక్కడికెందుకు, సీటు ఖాళీ చెయ్యి" అన్నారు. అయినా వెళ్తూనే ఉండేదాన్ని, వీలున్నప్పుడల్లా.

మూడేళ్ళ కిందట ఆమె బాత్రూములో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. క్లాసు ఆగిపోయింది. కూతురు తన ఫ్లాటుకి తీసుకెళ్ళింది. మంచి పిల్లే, వేళకి మందులు, వేళకి అన్నం. డ్యూటీ దిగి చూడటానికి వెళ్ళినప్పుడు టీచరు గోడవైపు తిరిగి ఉన్నారు. ఆ పడుకోవడం నేను ఎరుగుదును.

"ఎలా ఉన్నారండీ?"

"ఐ ఈట్. ఐ స్లీప్. ఐ ఈట్. అంతే పద్మా. నాకిక నిన్న అనేది లేదు."

ఆరోజు నాకు నిలబడే ఓపిక కూడా లేదు. అయినా నోట్లోంచి దానంతటదే వచ్చింది: "అట్లా ఎట్లా ఉంటదండీ? రేపటికి జరిపించుకుందాం."

కూతురు కంగారుపడింది. "కుర్చీలో కూర్చోబెట్టొచ్చన్నారు గానీ ఆంటీ, మెట్లు దిగేటప్పుడు ఏదన్నా అయితే?" అంది. ఆ పిల్ల భయం నిజమే. ఆ ఇంటికి లిఫ్టు లేదు. మర్నాడు శనివారం మావారు కారు తెచ్చారు. టీచరుని చంటిపిల్లలా ఎత్తుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దించారు. ఆయన నుదుటి మీద చెమట చూస్తూ కూతురూ నేనూ వెనకే దిగాం. కార్లో కూర్చోబెట్టగానే ఆమె, "ఈయన బజ్జీయేనా కాకి ఎత్తుకుపోయింది?" అన్నారు. మావారికి సిగ్గేసింది.

ఉయ్యూరు రోడ్డులో చెరుకురసం బండి దగ్గర ఆపాం. పక్కనుంచి చెరుకు ట్రాక్టర్లు వెళ్తున్నాయి. అల్లం, నిమ్మకాయ వేసి ఇచ్చిన గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగారామె. సగం చీరమీద ఒలికింది. తుడవబోతే చెయ్యి తోసేసి, "ఇంకో గ్లాసు చెప్పు" అన్నారు. కూతురు వద్దనలేదు.

మర్నాడు పట్టుబట్టి చర్చికి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. సాక్ష్యాలు మొదలవగానే కుర్చీలోంచే చెయ్యెత్తారు. మైకు తెచ్చి ఇచ్చారు. చావు తప్పి వచ్చిన మనిషి, ఏదో గొప్ప మేలు చెబుతుందని అందరూ వంగి మరీ వింటున్నారు.

"నిన్న నేను చెరుకురసం తాగాను" అన్నారామె.

మిగతాది వస్తుందని అందరూ చూస్తున్నారు. ఆమె కాసేపు ఆలోచించి, "రెండు గ్లాసులు" అని మైకు ఇచ్చేశారు. పాస్టరుగారికి స్తోత్రం చెప్పాలో వద్దో తెలియలేదు. వెనక బెంచీలో నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ తర్వాత వర్షాలు పడే దాకా ఉన్నారు. కుదిరినప్పుడల్లా ఏదో ఒకటి జరిపించాం. కుదరని రోజులే ఎక్కువ. నా డ్యూటీలు, మావారి ట్రిప్పులు, కూతురి ఆఫీసు. ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు.

పోయాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. లేచినవాళ్ళందరూ ఆమె గొప్ప ఉపాధ్యాయురాలు, ప్రేమగల తల్లి అన్నారు. అవి నిజాలే, కానీ అవి ఎవరి గురించయినా చెప్పేవే. ఆవిడే ఉంటే "ఇది మొన్న కూడా చెప్పారు" అనేవారు. నన్ను పిలిస్తే వెళ్ళి, ఆ మొదటి వారంలాగే చచ్చీచెడీ ఇంగ్లీషులో అన్నాను: "ఐ సెడ్, నథింగ్ హాపెన్డ్. షీ డిడ్ నాట్ బిలీవ్ మీ." ఏమీ జరగలేదన్నాను, ఆమె నమ్మలేదు. ఇంకేమీ రాలేదు నాకు. వచ్చి సుభానీ పక్కన కూర్చున్నాను.

ఇప్పటికీ రోజులు రోజుల్లాగే ఉన్నాయి. అవే పేర్లు, అవే వయసులు, అదే వరస. కొన్ని సాయంత్రాలు బస్సులో ఇంటిదాకా వెతికినా ఒక్క వాక్యం దొరకదు. అలాంటప్పుడు ఆమె ముందు ఉత్త చేతులతో నిలబడినట్టు ఉంటుంది. ఇవాళ అన్నాలు తింటుండగా మావారు కంచంలోంచి తల ఎత్తకుండానే, అలవాటుగా, "ఏంటి ఇవాళ?" అని అడిగారు. నడుం లాగేస్తోంది. ఏమీ లేదు, అదే గోల, అనబోయాను.

"ఐ స్నీజ్డ్" అన్నాను.

ఆయన తల ఎత్తారు. "ఎందుకు?"

చెప్పడం మొదలుపెట్టాను.