మల్లమ్మ నాకు పెట్టిన ఇంటర్వ్యూ

తాండూరులో బండ పగలడం వింతేమీ కాదు. ఒక్క బోర్డుతో లారీడు బండల్నీ నా పరువునీ కలిపి పగలగొట్టిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నవ్వొస్తే ఆపుకోకండి, మా ఇంట్లో ఎవరూ ఆపుకోలేదు.

ఎంబీఏ అయి వచ్చిన కొత్త. నాన్న మా బండల పాలిష్ యూనిట్ తాళాలు నా చేతిలో పెట్టి, "వికారాబాద్ ఫంక్షన్ హాలు ఆర్డర్ మంచిగ చేస్తే యూనిట్ నీది. లేకుంటే తాళాలు వాపస్ ఇయ్యాలె" అన్నాడు.

మంచి బండల్ని ఏరే ముసలాయన అప్పుడే పని మానేశాడు. నాన్నయితే మనిషి కావాలని చాయ్ హోటల్లో ఒక మాట చెప్పేవాడు. చదువుకున్నవాణ్ణి కదా, నేను గేటుకు బోర్డు కట్టించాను: డిగ్రీ తప్పనిసరి, పని తొమ్మిది నుంచి ఆరు.

బషీరాబాద్ నుంచి షేర్ ఆటోలో మల్లమ్మ వచ్చింది. గొర్రెలు కాసే ఇంటి మనిషి.

"సర్టిఫికెట్ ఉందా?"

"ఇర్వై ఏండ్లు బండల్ల చేసిన సారూ. గదే సర్టిఫికెట్."

"తొమ్మిదింటికి వస్తావా?"

"గొర్ల మంద తోలిచ్చి పదకొండుకొస్త. పొద్దుమీకే దాంక ఉంట."

"కుదరదు."

ఆమె లేచి, గోడకు ఆనించిన బండల్ని వేళ్లతో తట్టుకుంటూ వెళ్లింది. "గివి పంపకు సారూ. లోపల బీటుంది."

"నీకెట్లా తెలుసు?"

"అదే చెప్తున్నది గద, ఇనబడ్తలేదా?"

నాకు టక్కుమని వినబడింది, అంతే. డిగ్రీ ఉన్న ఒక పెద్దమనిషిని పెట్టుకున్నాను. తొమ్మిది కాకముందే వచ్చి, ప్రతి బండకూ ముత్యాల్లాంటి నంబర్లు వేసేవాడు. ఒక్కదాన్నీ తట్టలేదు. ఇల్లలకగానే పండగ కాదంటారు, బోర్డు కట్టగానే పనిమంతులు దొరకరని కూడా అనాలి.

బండలు పంపిన వారానికి హాలు యజమాని ఫోను. "మా బావ గిట్ల కాలు పెట్టిండో లేదో, బండ ఫట్టుమన్నది!"

"మీ బావ బరువెంత?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"ఒక్కటి గాదు, సగం గట్లనే ఉన్నయి! వారంల మార్చకుంటే ఆర్డర్ క్యాన్సల్!"

తెల్లారేసరికి బషీరాబాద్ చేలల్లో, గొర్రెల మధ్య నిలబడ్డాను. "అక్కా, నువ్వే రావాలి."

"ఎన్ని గంటలకు?"

"నీ ఇష్టం."

"డిగ్రీ?"

"నాది కూడా మర్చిపో అక్కా."

ఆమె గట్టు మీద నుంచి రెండు బండ ముక్కలు తీసి, ఒకదాని తర్వాత ఒకటి తట్టింది. "ఏది మంచిది?"

చెవి రిక్కించి, గంభీరంగా కుడిది చూపించాను. అది ఆమె చేతిలోనే రెండయింది.

"ఫెయిలైనవ్ సారూ. అయిన గని ఫికర్ లేదు, పని నేర్సుకుందువు. పా."

అయిదు రోజుల్లో మల్లమ్మ ఏరిన బండలు వెళ్లాయి. యజమాని బావ హాలంతా తిరిగాడు, ఒక్కటీ కదల్లేదు. నాన్న వచ్చి తాళాలు అడిగి తీసుకున్నాడు. తీసుకుని మల్లమ్మ చేతిలో పెట్టాడు! చిన్నబోవాలి కదా, నాకు ఛాతీ పొంగింది. ఆమెను తీసుకొచ్చింది నేనే మరి.

ఇప్పుడు మా దగ్గర పొద్దున వచ్చేవాళ్లున్నారు, పదకొండుకు వచ్చేవాళ్లున్నారు. చెయ్యి తిరిగినవాళ్లంతా మా గేటే వెతుక్కుంటూ వస్తున్నారు. ఇంటర్వ్యూలు మల్లమ్మే చేస్తుంది. అందుకే తాండూరు బండ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవరినీ డిగ్రీ అడగను. ప్రమాణానికి బండ మాత్రం మల్లమ్మ తట్టి ఇచ్చిందే కావాలి.