తడిపిన తెర

కరోనా తగ్గిన మరుసటేడు. కెనడాలో, స్కార్‌బరో ఊళ్ళో ముసలివాళ్ళ హోమ్‌లో నాది హెల్పర్ పని. మా ఆయన పోయాక చేరాను. తినిపించాలి, పక్కలు మార్చాలి, తోడు కూర్చోవాలి. నాకు చదువు లేదు. ఇది కూడా నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

రెండో అంతస్తులో సుందరమ్మగారని, తొంభై ఏడేళ్ళావిడ. పుట్టింది మద్రాసులో. సాయంత్రమయ్యేసరికి గ్లాసుడు నీళ్ళు తీసుకుని, రెండు మంచాల మధ్య వేలాడే తెల్ల కర్టెన్ మీద కొట్టేది. నేలంతా చిత్తడి. మొదటిసారి చూసి నేనే నర్సుకి చెప్పాను. నర్సు మామ్మగారి ఛార్ట్‌లో ‘బిహేవియర్’ అని రాసింది. మా పనిలో ఆ మాటకి, ఈ మనిషితో గొడవే, ఓ కన్నేసి ఉంచండని అర్థం. అలా నాలుగుసార్లు ఎక్కింది. మేనేజర్ లిండా వచ్చి, “ఎవరైనా జారిపడితే? ఇంకొక్కసారి జరిగితే పైన తాళం వేసే వార్డుకి మార్చేస్తాం” అంది.

అక్కడ తెలుగు తెలిసినవాళ్ళు లేరు. నా డ్యూటీ అక్కడ పడదు. ఇంతా తెచ్చింది నా నోరే కదా.

మర్నాడు ఆవిడ గ్లాసు ఎత్తుతుంటే చెయ్యి పట్టుకున్నా.

“ఎందుకు మామ్మగారూ? కర్టెన్ మీద వరి నాటారా ఏంటి?”

“చాల్లే సంబడం! బట్ట ఆరిపోతే అటుపక్క వాళ్ళకి బొమ్మెలా కనబడుతుంది?”

అప్పుడు చెప్పింది. దొరల కాలంలో వాళ్ళ నాన్నకి మద్రాసులో డేరా సినిమా ఉండేదిట. మాటల్లేని బొమ్మలు. మిషను చేత్తో తిప్పేవారుట. మగవాళ్ళు తెర ముందు, ఆడవాళ్ళు తెర వెనక. తడిబట్ట అయితేనే బొమ్మ అవతలికి దిగుతుంది. అందుకని ఆటకి ముందు వాళ్ళమ్మ చెంబుతో తెరంతా తడిపేదిట.

“వెనకనించి అంతా తిరగేసి కనిపించేదే. రాజులందరూ ఎడమచేత్తో కత్తి తిప్పేవారు.”

“మరి ఇప్పుడు వెనక ఎవరున్నారండీ?”

“అదిగో, ఆ పిల్ల.”

అటు మంచం మీద ఎనభై అయిదేళ్ళ చైనా ఆవిడ!

నేను లిండాకి సంగతి చెప్పి, ఒక్కసారి చూడమని పిలుచుకొచ్చాను. షవర్ రూములో నీళ్ళు పోయే దారి ఉంది కదా, అక్కడ రాడ్‌కి ఓ తెల్ల దుప్పటి కట్టాను. ‘పిల్ల’ని వీల్‌ఛైర్లో వెనక కూర్చోబెట్టాను. మామ్మగారు చెంబుతో తడిపింది. లైటు ఆర్పి, ఫోను టార్చి వేసి కుర్చీ మీద ఆనించి, చేతుల నీడతో తెర మీద పిట్టని ఎగరేశాను. వెనకనించి కిలకిలమని నవ్వు.

లిండా తెర ముందరే నిలబడిపోయింది. మామ్మగారు కసిరింది. “ఆడదానివి, మగాళ్ళలో ఏం పనే? వెనక్కి పో!”

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. లిండా వెనక్కి వెళ్ళి చైనా ఆవిడ పక్కన గొంతుక్కూర్చుంది.

ఆ వారం ఛార్ట్ మారింది. రోజూ సాయంత్రం షవర్ రూము, ఒక దుప్పటి, ఒక చెంబు నీళ్ళు.

పోయేదాకా మామ్మగారు రెండో అంతస్తులో తన గదిలోనే ఉంది. అప్పట్నుంచీ నర్సు దగ్గరికి పరిగెత్తే ముందు, ఎందుకు చేస్తున్నారండీ అని ముందు ఆ మనిషినే అడుగుతున్నాను.