సాల్మన్ రాజు, ఎదురుమేడ ఇంగ్లిషు

సాల్మన్ రాజు ఇంగ్లిషు పాఠం మొదలుపెడితే, పక్కింటి ఆదినారాయణ కట్టేసిన పొట్టి ఆవు నెమరు వేయడం ఆపి చెవులు నిక్కబొడుచుకుంటుంది. ఈ మాట చెప్తే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. వాళ్ళు నమ్మకపోతే ఆవుకు నష్టమేమీ లేదు. పుంగనూరులో మా వీధికి వచ్చి సాయంత్రం ఒక పూట నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

సాల్మన్ రాజు ఇల్లు మా ఇంటిని ఆనుకునే ఉంది. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉంటాడు. వసారాలో నల్లబల్ల, కింద చాపలు. పిల్లలంతా ఆయన వెనకాల గొంతు కలిపి పాఠం అరవాలి. అరవనిది తలకెక్కదని ఆయన నమ్మకం. అందువల్ల మా వీధిలో కూరగాయలమ్మే చెంగమ్మకు కూడా ఇంగ్లిషు క్రియలు సగం వచ్చు. మదనపల్లె కాన్వెంటులో సిస్టర్లు స్కేలుతో వేళ్ళ మీద కొట్టి నేర్పిన ఇంగ్లిషు నాది. దానికంటే చెంగమ్మ ఇంగ్లిషు తొందరగా నోట్లోంచి వస్తుంది.

ఆయన పాఠాల్లో పెద్ద పాఠం ప్రెజెంట్ సింపుల్. మా ప్రాంతం వాళ్ళకు అది కొరుకుడు పడదు. ‘రోజూ కాలేజీకి పోతాండాను’ అనే నోటికి ‘ఐ యామ్ గోయింగ్ డైలీ’ అనే వస్తుంది.

“అన్నం తింటాండాను అంటే ఏంది? ఇప్పుడు నోట్లో ముద్ద ఉండాది అని,” అనేవాడు సాల్మన్ రాజు. “అన్నం తింటాను అంటే? నోట్లో ముద్ద లేకపోయినా అది మన అలవాటు. రోజూ జరిగేదానికి ఐ యామ్ ఎందుకప్పా? ఐ ఈట్ రైస్. అయిపోయె. అదే ఆయప్పో, ఆయమ్మో తింటే ఎస్ తగిలించు. హీ ఈట్స్. షీ ఈట్స్.”

“షీ ఈట్స్!” అని వసారా దద్దరిల్లేది.

అలవాట్ల గురించి అంత చెప్పే మనిషికి తనదొక అలవాటు ప్రాణంతో సమానం. ప్రతి శనివారం తెల్లచొక్కాకు గంజి పెట్టించుకుని, పొద్దున బస్సెక్కి మదనపల్లె పోతాడు. అక్కడ మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో ఇంగ్లిషు క్లాసు. ఆయన లోపలికి అడుగు పెట్టగానే నర్సమ్మాయిలందరూ ఒక్కసారిగా లేచి గుడ్ మార్నింగ్ చెప్తారు. క్లాసు మధ్యలో సాసరుతో సహా టీ కప్పు వస్తుంది. క్రిస్మస్ ప్రోగ్రాంలో ముందు వరసలో, పాస్టరు గారి పక్కన కుర్చీ. ఆ కప్పు గురించి, ఆ కుర్చీ గురించి మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఆవుకు కూడా తెలుసనుకుంటాను.

అలాంటి మనిషి కంట్లో నలుసు పడింది. దాని పేరు షారోన్.

ఆ అమ్మాయిది కుప్పం దగ్గర శాంతిపురం. నాన్న గ్రానైట్ రాళ్ళకు పాలిష్ పడతాడు. ఆమె కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, ఫోనులో పరాయి దేశాల వాళ్ళతో ఇంగ్లిషులో మాట్లాడే ఉద్యోగం చేసింది. మా వీధిలో ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్న సాగర్‌ను పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చింది. సాల్మన్ రాజు వసారాకు సరిగ్గా ఎదురుగా, మేడమీద గదిలో స్పోకెన్ ఇంగ్లిష్ మొదలుపెట్టింది. మొగుడిది లైట్ల వ్యాపారం కదా, బోర్డు చుట్టూ రంగుల లైట్లు వేలాడదీశాడు.

“ఆ బోర్డు వెలుగు నా మొహాన కొడతాంది కృపా. నిద్ర పడితే ఒట్టు,” అన్నాడు సాల్మన్ రాజు భార్యతో.

“నాకేం బాగనే ఉండాదే. ఆ వెలుతుర్లో బియ్యం ఏరుకుంటాండా. మన కరెంటు మిగులుతాంది,” అంది కృపావతి.

ఆ రోజు నుంచి ఆయన అన్నంలో ఉప్పు ఎక్కువైనా షారోన్ వల్లే, పంపులో నీళ్ళు రాకపోయినా షారోన్ వల్లే. ఆమె మెట్ల మీద చెప్పులు పెరిగాయి. తన వసారా ముందు చెప్పులు తగ్గాయి. తన చాప మీద కూర్చునే యువరాజ్ ఒక రోజు ఎదురుమేడ నుంచి దిగుతూ కనిపించాడు.

“ఏందిరా, ఆడ ఏం పని నీకు?” అని అడిగాడు సాల్మన్ రాజు.

“ఊరికే సార్. గాలికి పోయినా.”

“గాలి ఈడ లేదా?”

“ఈడ ఫ్యాను తిరగదు కదా సార్.”

సాల్మన్ రాజు ఆ రాత్రి భోజనానికి లేవలేదని కృపావతి మా ఇంట్లో చెప్పింది. మర్నాడు ఫ్యాను బాగు చేయించాలంటే దగ్గర్లో పనోడు సాగర్ ఒక్కడే. ఆ మొగుడి చేత పని చేయించుకోవడం కంటే చెమటతో చావడం నయమని ఆ ఎండాకాలమంతా విసనకర్రతోనే పాఠం చెప్పాడు.

ఇదంతా ఒక ఎత్తు. చర్చిలో ఒక ఆదివారం చెవిన పడిన మాట ఒక ఎత్తు. నర్సింగ్ స్కూలు ప్రిన్సిపాల్ వసంతమ్మ గారు ‘పుంగనూరులో షారోన్ అని ఒకమ్మాయి బాగా చెప్తుందంట కదా’ అని ఎవరినో అడిగిందట. వచ్చే వారాల్లో పుంగనూరు వచ్చి ఇద్దరి క్లాసులూ చూసి, శనివారం క్లాసు ఎవరికివ్వాలో అప్పుడు చెప్తుందట.

“నా శనివారం పోతాది ఐజాక్ అన్నా,” అన్నాడు నాతో. “ఆ టీ కప్పు ఆయమ్మ చేతిలో పెడతారు.”

ఆ సాయంత్రం నుంచే పాఠం రంగు మారింది. అప్పటిదాకా ఆయన ఉదాహరణలు సూర్యుడు తూర్పున ఉదయించడం, నీళ్ళు మరగడం, రాము మామిడిపండు తినడం. పిల్లలు ఆవలిస్తూ అరిచేవాళ్ళు. ఆ రోజు సాల్మన్ రాజు ఎదురుమేడ వైపు ఒక చూపు చూసి, బల్ల మీద సుద్దముక్క టకటకలాడించాడు.

“షారోన్ మేడమ్ కమ్స్ లేట్!”

పిల్లలు ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. “షారోన్ మేడమ్ కమ్స్ లేట్!” అని వీధి చివర బస్టాండు దాకా వినపడేలా అరిచారు.

పెద్దపంజాణి నుంచి వచ్చే మునీశ్వరి చెయ్యెత్తింది. “సార్, ఆయమ్మ నిన్న ఒక్క పూట కదా లేటుగా వచ్చింది. రోజూ జరిగేదానికే ఇది అని మీరే చెప్తిరి.”

సాల్మన్ రాజు ఎంత కుళ్ళుకున్నా పాఠం విషయంలో అబద్ధం రాసే మనిషి కాదు. పళ్ళు కొరుక్కుంటూ ఆ వాక్యం చెరిపేశాడు. అయితే చెరిపిన చేత్తోనే ఇంకో పని మొదలుపెట్టాడు. కుర్చీ తెచ్చి కిటికీ దగ్గర వేసుకున్నాడు. ఆమె రోజూ చేసే తప్పులేవో కళ్ళారా చూసి, నిఖార్సయిన ఉదాహరణలు రాయాలని పట్టుదల.

దొరికాయి కూడా. ‘షీ టాక్స్ ఫాస్ట్.’ ‘షీ లుక్స్ ఎట్ హర్ ఫోన్.’ ‘షీ షౌట్స్ ఎట్ ది బ్యాక్ బెంచ్.’ సాయంత్రమయ్యేసరికి ఎదురింటామె జీవితాన్ని మా వీధి పిల్లలు ముక్తకంఠంతో పాడేవాళ్ళు. పాఠం ఇంత రుచిగా ఎప్పుడూ లేదు. పక్కవీధి పిల్లలు కూడా వచ్చి గోడ మీద కూర్చునేవాళ్ళు. చెంగమ్మ వంకాయలు తూస్తూ ‘షీ టాక్స్ ఫాస్ట్’ అనేది.

కొన్ని వారాలకు మునీశ్వరి మళ్ళీ చెయ్యెత్తింది. “సార్, ఇప్పుడు ఆయమ్మ ఫోను సూడటం లేదు. పక్కన పెట్టేసింది.”

“నువ్వెందుకు పోయినావు ఆడికి?”

“మీ కిటికీలోంచే కనపడతాంది సార్.”

ఆయన వంగి చూశాడు. నిజమే. ఫోను ఎక్కడా లేదు. చెరిపేశాడు. ఇంకో వారానికి అరుపులు కూడా ఆగిపోయాయి. మాట నిదానమైంది. ఒక్కో వాక్యమూ చెరుపుతూ పోతే, కిటికీలో కూర్చున్న మనిషికి రాయడానికి మిగిలినవి వేరే. పెద్దపంజాణి బస్సు ఆలస్యమైతే ఆ ఊరి పిల్లలొచ్చేదాకా ఆమె పాఠం మొదలుపెట్టదు. మెట్లు తనే ఊడ్చుకుంటుంది. ప్రతి పిల్లనూ పేరుతో పిలుస్తుంది. తప్పు చెప్పిన పిల్లను మళ్ళీ చెప్పమని నవ్వుతూ అడుగుతుంది. కొత్త వాక్యం లేనిదే పిల్లలు ఊరుకోరు. రుచి మరిగారు కదా. కడుపు మండుతుంటే ఆయన అవే రాశాడు. వాళ్ళు అవే అరిచారు.

ఒక సాయంత్రం వసంతమ్మ గారు రానే వచ్చింది. చెప్పకుండా వచ్చింది. తెల్లచీర, చేతిలో గొడుగు. వసారా నిండా పిల్లలు. సాల్మన్ రాజు కాలరు సరిచేసుకుని నిలబడ్డాడు. మా గోడ పక్క నుంచి నేను చూస్తూనే ఉన్నాను.

“వందనాలు సాల్మన్ రాజు గారూ. మీరు కూర్చోండి, నేను పిల్లల్ని ఒక మాట అడుగుతాను,” అని పిల్లలవైపు తిరిగింది. “మీకు బాగా తెలిసిన ఒక మనిషి రోజూ ఏం చేస్తారో ఇంగ్లిషులో చెప్పండి. బల్ల మీద రాసింది కాదు. మీ అంతట మీరు.”

సాల్మన్ రాజు మొహం వెలిగింది. పిల్లలకు బాగా తెలిసిన మనిషి తను కాక ఇంకెవరు?

మునీశ్వరి లేచింది. “షారోన్ మేడమ్ స్వీప్స్ హర్ స్టెప్స్.”

యువరాజ్ లేచాడు. “షీ వెయిట్స్ ఫర్ ది పెద్దపంజాణి బస్.”

గోడ మీది పిల్లలు కూడా అందుకున్నారు. “షీ నోస్ ఎవ్రీ నేమ్. షీ స్మైల్స్. షీ డజ్ నాట్ షౌట్.” ఒక్క తప్పు లేదు. ఒక్క ఎస్ జారిపోలేదు. ఎవరూ చెప్పకుండానే అందరూ గొంతు కలిపారు. చెంగమ్మ కూడా కలిపింది. ఆ సమయంలో ఆవు తలకాయ ఊపిందని నేను బైబిలు మీద చెయ్యి వేసి చెప్పగలను.

సాల్మన్ రాజు నిలబడినవాడు నిలబడినట్టే గోడకు ఆనుకున్నాడు.

“ఇంత బాగా చెప్తాండారే! నేను విన్న షారోన్ ఈమేనా? ఎక్కడుంటుంది?” అంది వసంతమ్మ గారు.

పిల్లలందరూ ఎదురుమేడ వైపు వేళ్ళు చూపించారు. మేడమీద ఆ అమ్మాయి కిటికీ ఊచలు పట్టుకుని వింటోంది. పిలిస్తే దిగొచ్చింది. కళ్ళలో నీళ్ళు, పెదవి మీద నవ్వు.

“సార్ పాఠం మా గదిలోకి బాగా వినపడతాది మేడమ్,” అంది. “నేను బెంగళూరు అలవాటుకొద్దీ వేగంగా మాట్లాడతాంటి. పిల్లోల్లు ఈడ అరుస్తాంటే విని సిగ్గేసి నిదానం చేసినా. ఫోను పక్కన పెట్టింది గూడా సార్ వల్లనే. ఇంత శ్రద్ధగా నన్ను గమనించినవాళ్ళు మా ఇంట్లో గూడా లేరు.”

సాల్మన్ రాజు వెనక్కి తిరిగి నల్లబల్ల తుడవడం మొదలుపెట్టాడు.

వసంతమ్మ గారు ఆ రోజే తేల్చేసింది. “సాల్మన్ రాజు గారూ, పాఠం చెప్పడంలో మీకు వంక పెట్టలేను. కానీ మా పిల్లలు రేపు వార్డులో రోగుల దగ్గర నిలబడాల్సినవాళ్ళు. ఆలస్యమైన బస్సు కోసం ఆగే మనిషి దగ్గర నేర్చుకుంటే బాగుంటుంది. ఈ సంగతి నాకు చెప్పింది మీ పిల్లలే. శనివారం షారోన్ వస్తుంది. క్రిస్మస్ ప్రోగ్రాంలో మీ కుర్చీ మీదే.”

కుర్చీ మిగిలింది. కప్పు పోయింది.

“నా గురించి ఒక్కడన్నా ఒక్క మాట చెప్పలా కృపా,” అన్నాడట ఆ రాత్రి.

“నీ గురించి ఎప్పుడన్నా చెప్పించినావా?” అందట కృపావతి, మేడమీది లైట్ల వెలుగులో బియ్యం ఏరుకుంటూ.

క్రిస్మస్ నెల మొదటి శనివారం. మంచు దిగి వీధి తెల్లగా ఉంది. సాల్మన్ రాజు అలవాటు చొప్పున గంజిచొక్కా వేసుకున్నాడు. వేసుకున్నాక పోవాల్సింది లేదని గుర్తొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. అప్పుడే షారోన్ బ్యాగు తగిలించుకుని మెట్లు దిగింది.

“సార్, మదనపల్లె బస్సులో యా పక్క కూచుంటే బాగుంటాది?” అని అడిగింది.

ఆ బస్సు ఉత్తరంగా పోతుంది. పొద్దుటి ఎండ దారి పొడుగునా కుడిపక్క కిటికీల్లోంచి మొహాన కొడుతుంది. ఎన్నో శనివారాలు ఎడమపక్కనే కూర్చుని పోయిన సాల్మన్ రాజుకు ఆ సంగతి ఎంత బాగా తెలుసో నాకు తెలుసు.

“కుడిపక్క కూచోమ్మా,” అన్నాడు, చాలా ప్రేమగా. “ఆ పక్కే హాయిగా ఉంటాది.”

ఆమె వెళ్ళిన తర్వాత ఎన్నో వారాలకు మొదటిసారి ఆయన నవ్వాడు. కృపావతిని అడిగి రెండు దోసెలు ఎక్కువ వేయించుకుని తిన్నాడు.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి వసారాలో పాఠం జరుగుతోంది. నేరుగా వచ్చి చాప అంచున నిలబడింది.

“సార్, ఎంత మంచి మాట చెప్పినారు! ఎడమపక్క వాళ్ళందరూ సలికి గడగడా వణుకుతాండారు. నాకు మదనపల్లె దాకా ఎండ భలే వెచ్చగా తగిలింది. ఇంక ప్రతివారం ఆడనే కూచుంటా.” అని చేతిసంచిలోంచి కాగితం పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది. “టీతో బిస్కెట్లు ఇచ్చినారు. మీకని తెచ్చినా.”

సాల్మన్ రాజు పొట్లం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. మా గోడ వైపు చూసి, నేను నవ్వుతున్నానని గమనించి నల్లబల్ల వైపు తిరిగాడు. సుద్దముక్క పట్టుకుని గట్టిగా నొక్కి రాశాడు. షారోన్ మేడమ్ సిట్స్ ఆన్ ది రైట్ సైడ్.

మునీశ్వరి చెయ్యెత్తింది. “సార్, ఒక్కసారే కదా ఆయమ్మ కూచునింది?”

“ప్రతివారం ఆడే కూచుంటాదిలే. నాకు తెలుసు,” అన్నాడు సాల్మన్ రాజు, బిస్కెట్టు కొరుకుతూ. “గట్టిగా చెప్పండి.”

గట్టిగానే చెప్పారు.