సముద్రం ఊడ్చిన మావయ్య

నా చిన్నప్పుడు యుద్ధమంటే నాకు తెలిసింది మా మావయ్య ఒక్కడే. అమ్మకి తమ్ముడు. అంతర్వేదికి తూర్పున, సముద్రపు ఒడ్డునున్న మా పాలెం నుంచి నేవీలో చేరి, తగిలితే పేలే మైన్లని సముద్రంలోంచి ఊడ్చే ఓడలో నాలుగేళ్లు పనిచేశాడు.

ఆ ఓడ గురించి గొప్పలు పోయేవాడు కాదు. చిన్న ఓడట, పెద్ద ఫిరంగులేవీ లేవట. మిగతా ఓడలు రేవు దాటకముందే ఇది వెళ్లి, వెనకాల పొడుగాటి ఇనుప తీగ ఈడ్చుకుంటూ దారి ఊడ్చేదట. శత్రువులు నీళ్ల అడుగున గొలుసు కట్టి నిలిపిన మైను ఆ తీగకి తగిలితే, గొలుసు తెగి మైను పైకి తేలేది. దాన్ని దూరం నుంచి తుపాకులతో కాల్చి పేల్చేవారు. యుద్ధం ముగిశాక కూడా చాలాకాలం ఊడుస్తూనే ఉన్నారు. "యుద్ధం అయిపోయిందని మైనుకెవరు చెప్తారే?" అనేవాడు నాతో. చివరికి ఆ ఓడనే పాత ఇనుము కింద అమ్మేస్తే, మావయ్య ఇంటికొచ్చి మా నాన్నతో పాటు చేపల వేటలో పడ్డాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక పొద్దున అలివి వల లాగుతున్నారు. పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసల తాళ్లూ ఒడ్డు నుంచి ఊరంతా కలిసి లాగే పెద్ద వల అది. పడవ కాక మాకున్న ఆస్తి అదొక్కటే. ఆ రోజు వల మహా బరువుగా వచ్చింది. పంట పండిందని ఆడవాళ్లు బుట్టలతో పరిగెత్తారు, వాళ్ల వెనక నేనూ. తీరా చూస్తే అలల్లోంచి తుప్పుపట్టిన ఇనుప గుండొకటి, ఒళ్లంతా కొమ్ములతో, పైకి లేచింది. సముద్రం ఒడ్డుకి తెచ్చింది ఏదైనా ముందు తాడు వేసినవాళ్లదేనన్నది మా పాలేల కట్టుబాటు. అంత ఇనుము చూసి అందరూ ఇంకా గట్టిగా లాగబోయారు.

"తాళ్లు వదిలెయ్యండి! కొమ్ము ఒత్తుకుందంటే ఒక్కళ్లం మిగలం!" అని మావయ్య గొంతు చించుకుని అరిచాడు. కత్తి పళ్ల మధ్య పట్టుకుని ఈదుకుంటూ వెళ్లి వలని అడ్డంగా కోసేశాడు. సగం వలని చుట్టుకుని మైను మెల్లగా తూర్పుకి కొట్టుకుపోయింది.

నాన్న చిరిగిన వల ఒళ్లో వేసుకుని ఇసకలో కూలబడ్డాడు. మావయ్య రొప్పుతూ వచ్చి, "పడవ ఇయ్యి బావా. దాని ఎనకాలే దూరంగా పోయి అవతల పాలేలోళ్లకి చెప్పాలి. కొయ్యడం సగం పనే. పేలేదాకా మా ఓడ కదిలేది కాదు," అన్నాడు.

"వల పోయింది. పడవ కూడా పోగొట్టుకోమంటావేంట్రా? మన ఒడ్డు దాటిపోయింది గదా, ఊరుకో," అన్నాడు నాన్న.

ఆడవాళ్లు ఖాళీ బుట్టలు తీసుకుని ఇళ్లకి మళ్లారు. నిజం చెప్పాలంటే ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న ఎక్కడ ఆ పడవెక్కి పోతాడోననే నా భయమంతా.

మావయ్య తడి బట్టలతోనే ఒడ్డు వెంబడి పరిగెత్తాడు. గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే చోట ఏరు దాటించే పడవ అవతలి గట్టునుంది. అతను చేతులూపుతూ కేకలు వేస్తుండగానే ఆ చప్పుడు వినబడిందట. మా ఇంట్లో కుండలు కూడా కదిలాయి.

అవతల పాలెంలో అన్నదమ్ములిద్దరూ, వాళ్ల చెల్లెలూ దానికి తాడు వేసి లాగారు. ఆ పిల్ల నా ఈడుదే.

మర్నాడు నాన్న పడవ తీశాడు. నన్నూ ఎక్కించుకున్నాడు. ఆ ఇంటి తల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మాకు తెలుసండి. తెలిసీ చెప్పడానికి రాలేదండి," అన్నాడు. ఆవిడ నన్నే చూస్తూ ఉండిపోయింది. నాకు సిగ్గేసింది, బతికున్నందుకు సిగ్గేసింది.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. దొడ్లోకొచ్చిన పాము గోడ దాటి పోయిందంటే ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. నేను మాత్రం మోకాళ్లు పట్టుకుని లేచి, పక్కింటి తలుపు కొట్టడానికి వెళతాను. ఎటో పోయింది కదా నాయనమ్మా అని మనవలు నవ్వుతారు. ఎటో అంటే పక్కింటికే. అక్కడా పిల్లలున్నారు.